వెంట్రుకవాసి వెనక్కి

కుతైసీలో వాన పడే గురువారాల్లో
సంగీత బడి రెండో అంతస్తులో
నల్లగుడ్డ కప్పుకున్న పియానోలను గోడవారకు నెట్టి
మేం పదకొండుమందిమి చాపలు పరుస్తాం.

ఆ పియానోలన్నీ నాకు తెలుసు.
కిటికీ పక్కదానికి మార్చిలో జలుబు చేస్తుంది.
మూలనున్నదానికి ఒక పన్ను కదులుతుంది.
ముప్పై నాలుగేళ్లుగా వాటి కడుపులో తలదూర్చి
తీగలు బిగించడమే నా పని.
పేరు ఒతియా. వయసు అరవై ఒకటి.
తెగేదాకా లాగకూడదని
శిష్యులకు చెప్పీ చెప్పీ నోరు అరిగినవాణ్ణి.

అలాంటివాణ్ణి,
పోయిన శీతాకాలం, చేరిన మూడో వారానికే,
పక్క చాప మీది మందులషాపు త్సియాలా
ఉత్తరం మడిచినంత తేలిగ్గా
నుదురు మోకాళ్లకు ఆనించిందని
నేనూ మడతపడబోయాను.
లమారా గదికి అటు చివర ఉంది.
"చాలు" అని తొడ వెనక ఎవరో రెండుసార్లు అన్నారు.
ఇంకొక్క అంగుళం, అన్నాను.
మూడోసారి చెప్పలేదు.

కలుక్కుమంది.

తీగ తెగితే గదంతా ఉలిక్కిపడుతుంది.
ఇది లోపల్లోపల, తడిగుడ్డ చిరిగినట్టు,
నాకొక్కడికే వినపడింది.

తొమ్మిది వారాలు దిండు వేసుకుని కూర్చున్నాను.
మెట్టుకు రెండు పాదాలూ ఆన్చి
చంటిపిల్లాడిలా దిగాను.
మా ఆవిడ గులీసా ఒక్క మాటా అనలేదు.
సూపు గిన్నె మాత్రం
బల్ల మీద కాస్త గట్టిగా పెట్టేది.

మళ్లీ వెళ్లిన రోజు లమారా కూడా కోప్పడలేదు.
ఆమె ఎడమ తుంటిలో
తొందరపడిన యవ్వనం ఒకటి ఇంకా ఉందట,
వానకు ముందురోజు పలకరిస్తుందట.
రెండు చెక్కదిమ్మలు, ఒక బెల్టు, మడిచిన దుప్పటి
నా ముందు పెట్టి అడిగింది:
"తుప్పు పట్టిన తీగను శ్రుతికి ఎలా ఎక్కిస్తారు?"

నాకంటే ముందు నా మణికట్టు చెప్పింది.
మొదట వెంట్రుకవాసి వెనక్కి.
వదులు చేస్తే తుప్పు పట్టు విడుతుంది, టిక్కుమని.
అప్పుడు మెల్లగా పైకి.
అంతా ఒక్కరోజులో కాదు.
పాతదైతే నడుమ కొన్నాళ్లు ఆగాలి,
చెక్కకు కూడా కొత్త బరువు అలవాటు కావొద్దూ...

చెబుతూ చెబుతూ ఆగిపోయాను.
ఆమె నవ్వలేదు.
నా మోకాళ్ల కింద దుప్పటి సర్దింది.

ఇప్పుడు మోకాళ్లు వంచుకునే ముందుకు వంగుతాను.
నేల నాకు అందదు; దిమ్మలు అందుతాయి.
దిమ్మంటే మరేం లేదు,
నేలే నాకోసం జానెడు లేచి రావడం.
సాగినంతసేపూ ఉంటాను.
ఒకేచోట సూదిలా పొడిచిందా, బయటికొచ్చేస్తాను,
చాటుగా కాదు, అందరి ముందే.
ఊపిరి బిగబట్టానంటే
ఏదో అబద్ధం ఆడుతున్నట్టే లెక్క.
అందరూ తలకిందులయ్యే వేళ
నేను వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనిస్తాను.
మెడ నాకు కావాలి.
సగం పని, మెడ వంచి వినడమే.

ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అంటే ఇదేనేమో:
అది పక్క చాప మీదికి వెళ్లకుండా చూసుకోవడం.
నాది ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్లొస్తుంది.

నిన్న కొత్తగా ఒకాయన వచ్చాడు, జుంబెర్,
బస్సు డ్రైవరు, స్టీరింగంత భుజాలు.
త్సియాలా వైపు ఒకసారి చూశాడు.
పళ్లు బిగించి వంగాడు.
అతని ఊపిరి ఆగడం
వాన చప్పుడులోనూ నాకు వినపడింది.

నా దిమ్మ ఒకటి అటు నెట్టి
కళ్లు మూసుకున్నాను.
కాసేపటికి
చెక్క నేల మీద జరిగిన చప్పుడు.
అతని వైపుకో, తిరిగి నా వైపుకో,
కళ్లు తెరిచి చూడలేదు.